నేలమాళిగలో కిరీటము

ఆదివారపు ఫోనులో మా అమ్మ, ఏమి చదువుచున్నావురా అని అడిగినప్పుడు ‘వాచ్‌మెన్’ అని చెప్పితిని. తెనాలిలో తానుండు అపార్టుమెంటు గేటువద్ద కుర్చీ వేసికొని కూర్చుండువానిమీద కూడ పుస్తకములు వ్రాయుచున్నారు కాబోలునని ఆమె ఒకింత ఆశ్చర్యపడి, “పాపం, రాయాల్సిందేలే, రాత్రంతా నిద్రుండదు వాళ్ళకి” అన్నది. ఆ మాటను నేను దిద్దలేదు. ఎవరును అడుగకయే నగరమునకు తమ్ముతామే కాపలాదారులుగా నియమించుకొని రాత్రులందు ముసుగులు ధరించి తిరిగిన మనుష్యుల కథకు, ఇరువదియెనిమిదేండ్లుగా న్యూజెర్సీలో కాపురముండి దానిని మూడవమారు చదువుచున్న నాకు సయితము, అంతకంటె మేలైన పరిచయవాక్యము తోపలేదు.

అలన్ మూర్ రచింపగా, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు గీయగా, జాన్ హిగిన్స్ రంగులద్దిన యీ నవల 1986, 1987 సంవత్సరములలో పండ్రెండు సంచికలుగా వెలువడి, 1988లో హ్యూగో పురస్కారము నందినది. కథాకాలము 1985. ఆ లోకమున నిక్సన్ ఇంకను అధ్యక్షుడే. ముసుగువీరుల స్వైరవిహారము 1977లోనే చట్టముచేత నిషిద్ధమైనది. అమానుషశక్తి కలవాడు వారిలో ఒక్కడే. తక్కినవారు పొట్టలు పెరిగినవారు, నిద్రపట్టనివారు, చేసినదానికి సిగ్గుపడువారు, సిగ్గుపడవలసినచోట పడనివారు.

సెలవులకు ఇంటికి వచ్చిన మా అమ్మాయి ఒకనాటి భోజనమువేళ, “నాన్నా, ఆరుగురినీ వరసలో పెట్టు. ఇద్దరికి ఒకే ర్యాంకు ఇవ్వకూడదు” అని నియమము పెట్టినది. ఈ వ్యాసము ఆ నియమమునకు లోబడి వ్రాసినది.

కడపటి స్థానము, ఓజిమాండియాస్ అని పేరు పెట్టుకొన్న ఏడ్రియన్ వైట్‌ది. అమెరికా, సోవియట్ రాజ్యములు అణుయుద్ధమునకు కాలుదువ్వుచుండగా, లోకాంతరమునుండి శత్రువు దిగినట్లు భ్రమ కల్పించినచో ఉభయులును ఒకటగుదురని లెక్కగట్టి, తాను పుట్టించిన వికృతజీవిని న్యూయార్కు నడిబొడ్డున దింపి, సగము నగరమును చంపినవాడు. ఆ లెక్క తప్పలేదు. అదియే నాకు కంటగింపు. చివరి అధ్యాయపు తొలిపుటలందు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ముంగిట కుప్పలుగా పడియున్న కళేబరములను గిబ్బన్స్ మాటయన్నది లేకుండ పుటలకు పుటలు చిత్రించినాడు. ఆ గార్డెను క్రిందనే పెన్ స్టేషనున్నది. వారమునకు మూడుదినములు నేను రైలు దిగి, మెట్లెక్కి, వెలుతురులోనికి వచ్చు చోటది. లోకకల్యాణార్థము నన్నుకూడ ఖర్చులో వ్రాసికొన్న మేధావికి ఇంతకంటె పైస్థానమిచ్చుటకు నాకు మనసొప్పదు.

కమెడియన్ అనబడు ఎడ్వర్డ్ బ్లేక్ దుర్మార్గుడు, స్త్రీలపట్ల పశువు. కాని ఆ కుట్ర తెలిసిన పిమ్మట ఒక రాత్రి, పాతశత్రువు మంచమువద్దకు పోయి, త్రాగి, వెక్కివెక్కి యేడ్చినాడు. ఏడ్చుట చేతనైనది కనుక అయిదవవాడు.

నాలుగవది లారీ. తల్లి ఒకప్పుడు వేసిన వేషమునే కూతురి మీద బలవంతముగ తొడిగి పంపగా, ఇష్టములేని వీరత్వమును మోసి, నడివయస్సు దాపునకు వచ్చినపిదప తన పుట్టుక రహస్యమును అంగారకగ్రహము మీద తెలిసికొన్న స్త్రీ. మా అమ్మాయి ఈమెను మొదటిస్థానమున నిలిపినది. ఎనిమిదేండ్లపాటు ప్రతి శనివారమును ఆమెను కూచిపూడి తరగతికి దింపివచ్చినవాడను నేనే కనుక, కారణ మడుగలేదు.

మూడవవాడు డాక్టర్ మన్‌హాటన్. గడియారములు బాగుచేయువాని కొడుకు. హిరోషిమా వార్త చదివిన తండ్రి, ఇక కాలమునకు చక్రములతో పనిలేదని, బాలుడు పేర్చుకొనుచున్న గడియారపు ముక్కలను వీధిలోనికి విసరివేసినాడు; ఆ బాలుడే పెరిగి, 1959లో ప్రయోగశాలలో అణువణువుగా చెదరి, నీలదేహముతో తిరిగివచ్చినాడు. భూతభవిష్యద్వర్తమానములు అతనికి ఏకకాలమున గోచరించును. గోచరించినను దేనిని మార్పజాలడు. మన సహదేవుని గూర్చి పల్లెలలో చెప్పుకొను కథ యిట్టిదే గదా, అన్నియు తెలిసియు నోరు మెదపలేని తెలివి. యువకుడనైయుండగా ఈ పాత్ర నాకు శుష్కవేదాంతముగ తోచినది. పిమ్మట మా నాన్నగారు మంగళవారము తెల్లవారుజామున తెనాలిలో పోయినారు. ఆ ఫోను నాకు సోమవారము సాయంకాలము వచ్చినది. ఇంకను రాని దినమున జరిగిపోయిన దానిని చెవినుంచుకొని, ఆ రాత్రి సూటుకేసు సర్దుచు, నేను ఆ నీలిమనిషిని తలచుకొన్నాను.

ఇక రోర్‌షాక్. 1997లో, ఎడిసన్‌లో నలుగురము కలిసియుండిన అపార్టుమెంటులో, సహవాసి పుస్తకమును అరువు తీసికొని నేను తొలిమారు చదివినప్పుడు ఇతనికి సాటి వేరొకడు లేడు. నగరము సగము చచ్చిన తరువాత, మిగిలినవారి శాంతికొఱకు ఆ అబద్ధమును దాచుదమని తక్కినవారందఱును తలలూపగా, లోకము మునిగినను రాజీపడనని మంచులోనికి నడచినవాడు. కళాశాలలో చదువుకొనునాడు బలిజేపల్లివారి సత్య హరిశ్చంద్రీయములో రాజవేషము కట్టి, కాటిసీనులో గొంగళి కప్పుకొని పద్యములు పాడిన నాకు ఆ మంకుతనము సొంత ఊరి మనిషివలె కనబడినది. హరిశ్చంద్రుడును కాపరియే గదా, శ్మశానమునకు!

మూడవపఠనమున ఆ పోలిక కొంత బీటువారినది. హరిశ్చంద్రుడు సత్యమునకు చెల్లించిన వెల అంతయు తన యింటిదే: తన రాజ్యము, తన యాలు, తన బిడ్డ. రోర్‌షాక్ సత్యమునకు వెల చెల్లింపవలసినది ముక్కుమొగము తెలియని కోట్లమంది. అతనికిని ఆ సంగతి తెలియును కాబోలు, ముసుగు తీసి, కన్నీళ్ళతో, నన్ను చంపుమని తానే యడిగినాడు. రెండవస్థానము. అదియు ఆ చావువలన కాదు. అంతకుముందు ఒకచోట, నీతో స్నేహము దుర్భరమని మిత్రుడు డాన్ విసుగుకొన్నప్పుడు, ఇతడు ఏమియు తోచక చేయి చాచి, పట్టుకొన్న చేతిని ఎప్పుడు విడువవలెనో తెలియక చాలసేపు అట్లే యుంచుకొన్నాడు. వంచనయెరుగని వానికి మర్యాదకూడ తెలియదను ముక్క ఆ చిన్నచిన్న గడులలో ఉన్నది.

ఆ చేతిని పట్టుకొన్న డాన్ డ్రైబర్గ్ ఇప్పుడు నాకు మొదటివాడు. ఇరువదియైదేండ్ల వయస్సున ఇతనిని చూచి నవ్వినాను. కండ్లజోడు, మెత్తని పొట్ట, పక్షిశాస్త్రవ్యాసములు. ఎవరు ఏమన్నను ముందు క్షమాపణ చెప్పుకొను స్వభావము. ఇంటి తలుపు తాళము విరిగియుండగా లోనికి వచ్చి, వంటగదిలో ముసుగు ముక్కువరకు పైకెత్తుకొని తన డబ్బాలోని చల్లని చిక్కుడుగింజలు తినుచున్న రోర్‌షాక్‌ను చూచి, తాళమును గూర్చి తగవులాడుటకు బదులు, వేడిచేసి పెట్టుదునా అని అడిగిన మనిషి. అతడు వెళ్ళిన పిమ్మట ఇతడొక్కడే బేస్‌మెంటులో, దుమ్ముకొట్టుకొన్న గుడ్లగూబ విమానము ప్రక్కన, ఖాళీగా వ్రేలాడు తన పాతవేషమునకు ఎదురుగా తలవంచి కూర్చుండు బొమ్మ ఒకటి కలదు. ఆ వేషము లేనిదే ప్రియురాలి యెదుట సయితము పురుషుడు కాలేకపోయిన దైన్యమును మూర్ తరువాత దయతోనే చెప్పినాడు గాని, నాకు ఆ తలవంచిన బొమ్మయే చాలును.

ఏలననగా, గత ఏప్రిల్‌లో వానలకు మా సంప్ పంపు ఆగిపోయి బేస్‌మెంటులో చీలమండలోతు నీరు నిలిచినప్పుడు, అట్టపెట్టెలను ఒక్కొక్కటిగా మెట్లమీదికి చేర్చుచుండగా, అడుగున తడిసిన పెట్టెలో హరిశ్చంద్రుని కిరీటము దొరికినది. ఇక్కడి తెలుగువారి ఉగాదినాటకము కొఱకు 2003లో తెనాలినుండి తెప్పించుకొన్నది, ఒక్కమారు వేసినాను, మరుసటియేటినుండి సభలలో సినిమాపాటలకే సమయము చాలకపోయినది. బంగారుకాగితము తడికి ఊడి వ్రేళ్ళకు అంటుకొనుచున్నది. వాటర్ హీటరు ప్రక్కన, ప్యాంటు మోకాళ్ళవరకు మడచుకొని, అది నా తలకు ఇంకను పట్టునా లేదా యని పెట్టి చూచుకొంటిని. పట్టినది, కాస్త బిగువు.

పై మెట్టుమీదనుండి మా అమ్మాయి చూచి, “అచ్చం డాన్‌లా ఉన్నావు నాన్నా” అని నవ్వినది.

నవ్వు ముగియువరకు ఆగి, వంటగది సొరుగులో జిగురుసీసా ఉన్నదేమో చూడుమని ఆమెను పంపినాను.