ఏడుకొండల మెట్ల దారిలో ఎవరి నడక వారిదే!

తిరుమల వెళ్ళని తెలుగు ఇల్లాలు అరుదు. కానీ కాలినడకన మెట్లెక్కి వెళ్ళినవాళ్ళు మనలో ఎంతమంది? "ఇంత ఒళ్ళు వేసుకుని ఆ మెట్లన్నీ ఎక్కడమ్మా!" అని నిట్టూర్చి బస్సెక్కేసేవాళ్ళే ఎక్కువ. పోయిన మాఘమాసంలో మేం అయిదుగురం ఆడవాళ్ళం కావలి నుంచి బయలుదేరి, అలిపిరి మెట్ల దారిన కొండెక్కి వచ్చాం. ఆ దారి ముచ్చట్లూ, దారిలో మన ఆడవాళ్ళ ఒళ్ళు గురించీ ఆరోగ్యం గురించీ తెలిసొచ్చిన సంగతులూ మీకు చెప్పాలనిపించింది. ఓపిగ్గా చదవండి మరి.

మా అయిదుగురిలో పెద్దది మా వదిన, అంటే మా వారి అక్కగారు. వయసు 52, బరువు 86 కిలోలు. చిన్నది మా చెల్లెలు, 38 ఏళ్ళు, సన్నగా మల్లెతీగలా ఉంటుంది. మిగతా ఇద్దరూ మా వీధివాళ్ళే. ప్రయాణం అనుకోగానే మా వదినగారి అబ్బాయి నాకు ఫోను చేశాడు. "అత్తా, అమ్మని బస్సులో పంపించండి. మెట్ల మీద కూలబడితే ఎవరు మోస్తారు?" అన్నాడు. వాడి భయం వాడిది, కాదనను. కానీ ఆ ఫోను పక్కనే కూర్చుని వింటున్న మా వదిన ముఖం చూడాల్సింది! పెళ్ళిళ్ళలో ఫోటో తీస్తుంటే వెనక్కి తప్పుకోవడం, పదిమందిలో రెండో గరిటె అన్నం వడ్డించుకోవడానికి మొహమాటపడడం ఆవిడకి ఎన్నో ఏళ్ళుగా అలవాటు. ఆ రోజు మాత్రం, "ఈ కాళ్ళు ఇన్నాళ్ళూ ఈ ఒంటిని మోస్తూనే ఉన్నాయి కదా, ఒక్క రోజు కొండ దాకా మోయలేవా?" అంది. అయినా మొండికి పోలేదు. మా ఊళ్ళో లేడీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి బి.పి., షుగరు, రక్తం, గుండె అన్నీ చూపించుకుంది. అన్నీ బావున్నాయి. "తొందర లేకుండా ఎక్కండి" అన్నారావిడ.

దారి ఎలా ఉంటుందంటే

అలిపిరి దారిలో మెట్లు 3,550. దూరం సుమారు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు అని ఇంకో దారి ఉంది. దానిలో మెట్లు 2,400 లోపే, దూరమూ తక్కువే. కానీ నిలువుగా ఎక్కాలి. అలిపిరిలో పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని బయలుదేరాలి. సామాను అక్కడే ఇస్తే దేవస్థానం వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు. చేతిలో నీళ్ళ సీసా, చిన్న సంచీ చాలు. దారి పొడవునా చాలావరకు పైకప్పు ఉంది, మంచినీళ్ళున్నాయి, మరుగుదొడ్లున్నాయి. ఈ చివరి మాట మనకి ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? ప్రయాణమంటే చాలు, "మధ్యలో ఎక్కడికి పోతాం" అని ముందు నుంచే నీళ్ళు మానేస్తాం కదూ! అలా నోరు కట్టుకోవడం వల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు రావచ్చు. ఈ దారిలో ఆ భయం లేదు, హాయిగా తాగండి.

మొదట్లోనే తలయేరు గుండు అనే పెద్ద బండ వస్తుంది. దానికి తల, మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు పోతాయని భక్తుల నమ్మకం. చూశారా, నడిచి వచ్చేవాళ్ళ మోకాళ్ళ బాధ మన పెద్దలకీ తెలుసన్నమాట!

అక్కడి నుంచి గాలిగోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు. అసలు కష్టమంతా ఇక్కడే. ఆ తర్వాత చాలా దూరం చదునైన దారి. జింకల పార్కు, ఏడో మైలు దగ్గర నిలువెత్తు ఆంజనేయస్వామి వస్తారు. చివర్లో మోకాలి మెట్టు మళ్ళీ నిటారుగా ఉంటుంది. ఈ కొండ సాక్షాత్తూ ఆదిశేషుడని, పాదం మోపకూడదని రామానుజాచార్యులవారు ఇక్కడ మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు.

మెట్ల మీద కనిపించే ఒళ్ళు

మా ఊరి పెళ్ళిళ్ళలో "ఏమ్మా, ఇంత లావయ్యావు?" అన్నదే మొదటి పలకరింపు. సన్నగా ఉంటే "ఏం, ఇంట్లో తిండి పెట్టడం లేదా?" అంటారు. ఈ మెట్ల మీద మాత్రం అయిదు గంటల్లో ఆ మాట ఒక్కసారి కూడా చెవిన పడలేదు. బొద్దుగా ఉన్నవాళ్ళు, పొట్టివాళ్ళు, నడుం వంగిన ముసలమ్మలు, చంకలో బిడ్డతో బాలింత దశ దాటిన తల్లులు, అందరూ "గోవిందా!" అనుకుంటూ ఎవరి పాటికి వాళ్ళు ఎక్కుతున్నారు.

మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టే మొక్కు మీకు తెలిసిందే. ఒక్కో మెట్టుకీ వంగాలి, లేవాలి. 3,550 మెట్లకి అన్నిసార్లు! ఆ మొక్కు తీర్చుకుంటున్నవాళ్ళలో చాలామంది మా వదిన వయసువాళ్ళే, ఆవిడంత ఒళ్ళున్నవాళ్ళే. వీళ్ళని ఏ వ్యాయామశాలలోనైనా చూస్తే "నీకెందుకమ్మా ఇవన్నీ" అని నవ్వుతారేమో. ఇక్కడ వాళ్ళు పక్కనుంచి వెళ్తుంటే దారిచ్చి దణ్ణం పెడుతున్నారు.

గాలిగోపురం దగ్గర

మా వదిన ముప్ఫై మెట్లకోసారి ఆగి, మనసారా ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కింది. మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట ఆడలేనంత రొప్పు వస్తే తగ్గించాలి. ఇది డాక్టరు గారు చెప్పిన కొలత. ఆవిడ అలా గాలిగోపురం చేరింది. కళ్ళు తిరిగి కూలబడింది మాత్రం మా చెల్లెలు! ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, పెదవులు పాలిపోయాయి. మా వదినే దాన్ని పడుకోబెట్టి, కాళ్ళ కింద సంచీ పెట్టి, కాస్త తేరుకున్నాక ఉప్పు, పంచదార వేసిన నిమ్మరసం గుక్క గుక్కగా తాగించింది. గంట సేపు అక్కడే ఉండి, చదును దారిలో నెమ్మదిగా నడిపించుకు వెళ్ళాం.

ఊరికి రాగానే రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. నెలసరి ఎనిమిది రోజుల పాటు ఎక్కువగా అవుతోందని అప్పుడు చెప్పింది. "సన్నగా చక్కగా ఉన్నావు" అని అందరూ మెచ్చుకునేవాళ్ళే గానీ, "నీకు ఆయాసం వస్తోందా? నెలసరి ఎలా ఉంది?" అని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు మందులు వాడుతోంది, రక్తం ఎందుకు ఎక్కువ పోతోందో డాక్టరు గారు చూస్తున్నారు. మన దేశంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే సగం మంది కన్నా ఎక్కువ! ఒళ్ళు చూసి ఇది కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

బరువు కాటా చెప్పనివి

బరువుని ఎత్తుతో లెక్కగట్టి బి.ఎమ్.ఐ. అని ఒక అంకె చెబుతారు కదా! ఆ లెక్క 1830ల నాటిది. బెల్జియం దేశపు గణితశాస్త్రజ్ఞుడు క్వెట్లెట్ తయారుచేశాడు. ఆయన డాక్టరు కాదు. జనం సగటు ఎలా ఉంటుందో చూడడానికి వేసుకున్న లెక్క అది. ఒక మనిషిలో కండ ఎంత, కొవ్వు ఎంత, రక్తం ఎంత, ఊపిరి ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. మన దేశంవాళ్ళకి సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరి షుగరు రావడం ఉంది. అందుకే నడుం కొలత 80 సెంటీమీటర్లు దాటితే, బరువు ఎంతున్నా సరే, షుగరు, బి.పి. చూపించుకోవాలి.

బరువు పెరిగితే మోకాళ్ళ మీద భారం పడే మాట నిజమే, దాచకూడదు. కానీ ఆ భారాన్ని కాచేది తొడ కండరాలు. అన్నం మానేసి, ఎవరో అమ్మే పొడులు తాగి బరువు తగ్గితే కొవ్వుతో పాటు ఆ కండ కూడా కరిగిపోతుంది. నలభై దాటాక అది మనకి చాలా నష్టం.

మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి సంగతి గుర్తుందా? 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్ళింది 69 కిలోల విభాగంలో. మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆవిడే. మన కాటా భాషలో ఆవిడ "లావైంది" అనాలన్నమాట!

కొండ మీది తల్లులు

అన్నమయ్య చిన్నతనంలో ఈ కొండెక్కుతూ ఆకలితో, అలసటతో మోకాలి మెట్టు దగ్గర సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మే వచ్చి ప్రసాదం తినిపించిందని కథ. కొండెక్కేటప్పుడు ఆకలితో ఉండకూడదని ఆ తల్లే చెప్పినట్టు కాదూ! ఉపవాసంతో ఎక్కుదామనుకునేవాళ్ళు ఈ కథ ఒకసారి తలుచుకోండి.

పైన అన్నదాన భవనానికి తరిగొండ వెంగమాంబ గారి పేరు పెట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టిన ఆ భక్తురాలు చిన్నప్పుడే భర్తని పోగొట్టుకుంది. ఊరంతా ఒత్తిడి చేసినా తల గొరిగించుకోవడానికి ఒప్పుకోలేదంటారు. ఆ కొండ మీదే ఇవాళ ఎందరో ఆడవాళ్ళు ఇష్టపడి తలనీలాలు ఇస్తున్నారు. ఇచ్చినా, ఇవ్వనన్నా తన ఒంటి మీద మాట తనదే అయినప్పుడే దానికి విలువ. ఆ భవనంలో బంతిలో కూర్చుని మా వదిన రెండోసారి సాంబారన్నం అడిగి వేయించుకుంది. మేమెవరం ఏమీ అనలేదు, ఆవిడా అటూ ఇటూ చూడలేదు.

మీరు బయలుదేరే ముందు

* నెల రోజుల ముందు నుంచి రోజూ అరగంట నడవండి. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు, రెండు పూటలా చేస్తే తొడలకి బలం వస్తుంది. "ఇంటి పని చేస్తున్నావుగా, మళ్ళీ నడకెందుకు" అంటారు. ఇంటి పని ఇంటి కోసం, ఈ అరగంట మీ కోసం.

* గుండె జబ్బు, ఉబ్బసం, ఎక్కువ బి.పి. ఉన్నవాళ్ళు డాక్టరు గారిని అడక్కుండా ఎక్కవద్దు. దారిలో ఛాతీలో నొప్పి, బరువు అనిపిస్తే వెంటనే ఆగి సాయం అడగండి.

* నెలసరి వాయిదా మాత్రలు పక్కింటావిడ వాడిందని మీరూ కొనుక్కోవద్దు. రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ వ్యాధి ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం. నెలసరి అయ్యాక వచ్చేలా ప్రయాణం తేదీ పెట్టుకోవడం అన్నిటికన్నా సులువు.

* చీరైతే కుచ్చిళ్ళు పైకి దోపుకోండి. పంజాబీ డ్రెస్సు ఇంకా సుఖం. ఎవరో ఏదో అనుకుంటారని బిగుతు బట్టలు, కొత్త పట్టుచీరలు వద్దు.

* మేం నువ్వుల ఉండలు, వేరుశనగ చిక్కీ, నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్ళాం. ఇంటి దగ్గర రోజూ తోటకూర, మునగాకు, పప్పు తినండి, పైన నిమ్మరసం పిండుకోండి, ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే పట్టదు. రాగులు కూడా వాడండి, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది.

* దిగేటప్పుడు మోకాళ్ళ మీద ఎక్కేటప్పటి కన్నా ఎక్కువ భారం పడుతుంది. అందుకని బస్సులో దిగండి, అది ఓటమేమీ కాదు.

* 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుతపులి ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పిల్లలతో నడిచేవాళ్ళకి, రాత్రి వేళలకి ఆంక్షలు పెట్టారు. వేళలు అలిపిరిలో కనుక్కుని, గుంపుగానే నడవండి.

మా వదిన ఇప్పుడు రోజూ పొద్దున్నే హైస్కూలు మైదానంలో నడుస్తోంది. బరువు 85 కిలోలు. ఒక్క కిలో తగ్గిందని ఆవిడకి సంబరమూ లేదు, ఇంకా తగ్గలేదని దిగులూ లేదు. పీట మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేస్తున్నానని అందరికీ లేచి చూపిస్తోంది! మా చెల్లెలి రక్తం 10 దాటింది. వచ్చే మాఘానికి శ్రీవారి మెట్టు దారిన వెళ్ళాలని ఇద్దరూ పందెం వేసుకున్నారు. డాక్టరు గారు సరేనంటే నేనూ వాళ్ళ వెంట ఉంటాను. మీ వీధిలో కూడా "నా వల్ల కాదమ్మా" అనే అక్కయ్య ఒకరుంటారు. ఆవిడని ఒకసారి పిలిచి చూడండి, ఆవిడ నడక వేగంతోనే మీరూ నడవండి.