టెంకల కాలంలో పశువైద్యశాల

విజయవాడలోని ఒక పశువైద్యశాలలో, పరీక్ష చేసే బల్ల వెనకాల అద్దాల బీరువా ఒకటుంది. అందులో సీసాలు: మొక్కజొన్న కండె, చంటిపిల్ల సాక్సు, దారపు ఉండ, మామిడి టెంక. అన్నీ కుక్కల పొట్ట కోసి తీసినవే.

డాక్టరుగారు టెంక సీసా నా చేతికిచ్చారు. "వేసవి వస్తే ఇవే ఎక్కువండీ. చీకి పారేసిన టెంక తియ్యగా ఉంటుంది, జారుతుంది. కుక్క నాలుగు కొరుకులు కొరికి మింగేస్తుంది. అది అరగదు. పేగులో అడ్డం పడితే తాగిన నీళ్లు కూడా కక్కేస్తుంది." అలా ఆగకుండా కక్కుతున్న కుక్కని రేపు చూపిద్దాంలే అనుకోకూడదు. టెంక బిగుసుకున్నచోట రక్తం ఆడక పేగు చచ్చిపోతుంది.

దారం ఇంకా దుర్మార్గం. ఒక కొస నాలుక కిందో పొట్టలోనో చిక్కుకుంటుంది, రెండోది పేగుల్లోకి సాగుతుంది. పేగు దాన్ని ముందుకు తోయబోయి బొందు లాగిన లంగాలా కుచ్చులు పడుతుంది, ఆ దారమే దాన్ని కోసేస్తుంది. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే ఎంతమాత్రం లాగకూడదట.

ఇంతలో ఒకావిడ, పదేళ్ల కొడుకు లాబ్రడార్ పిల్లని పట్టుకొచ్చారు. దానికి అయిదో నెల. "కనబడిందల్లా కొరికేస్తోందండీ. కొట్టినా మానదు."

డాక్టరుగారు పెదవి ఎత్తి చూపించారు. పాలపళ్లు 28 ఊడుతూ, మొత్తం 42 శాశ్వత పళ్లు వస్తాయి. ఏడో నెల దాకా చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. కొరకడం దానికి అవసరం, పొగరు కాదు. ఆ మాటకి కుర్రాడు ముందుకొచ్చాడు: "మొన్న సాక్సు నోట్లో పెట్టుకుంటే వెంటపడ్డానండీ. మింగేసింది. తర్వాత కక్కేసింది."

నాకు ఆ రోజు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. లాక్కోబోతే కుక్క దాచుకోడానికి మింగుతుంది. మనం అరిచి, తరిమి, మింగడమే నేర్పిస్తున్నాం. డాక్టరుగారు కుక్కపిల్ల నోటికి ఒక గుడ్డ ఇచ్చి, ఉడికించిన కోడిమాంసం ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి "వదులు" అన్నారు. నోట్లోని గుడ్డ కిందపడింది. ముక్క పెట్టి, కాసేపాగి గుడ్డ మళ్లీ ఇచ్చారు. ఇస్తే తిరిగొస్తుందన్న నమ్మకం కుదరాలట. కుర్రాడు రెండోసారికే పట్టేశాడు.

"పాత చెప్పు ఇచ్చేస్తే పోదా?" అని ఆవిడ అడిగింది. "పాతదేదో కొత్తదేదో దానికెలా తెలుస్తుందమ్మా?" కొరకడానికిచ్చేది బొటనవేలి గోటితో నొక్కితే కాస్త లొంగాలి. గట్టి బొమికలు, రాళ్లు కొరికితే దవడపళ్లు పెచ్చులూడతాయి. ఉడికిన ఎముకలు చీలి గుచ్చుకుంటాయి. ఆదివారం బిర్యానీలో మిగిలిన బొమికలు ప్రేమగా కుక్కకి వేసే ఇళ్లు నేనెన్నో చూశాను, ఆ ప్రేమ వద్దు. నోట్లో పట్టనంత పెద్ద రబ్బరు బొమ్మ మేలు.

ఎదిగిన కుక్క మట్టి, గోడ సున్నం తింటుంటే నులిపురుగులు, రక్తహీనత ఉన్నాయేమో చూపించాలి. రోజంతా ఒంటరిగా ఉంచితే తలుపులు కొరికే కుక్కలూ ఉన్నాయి. వాటికి మందుకన్నా ముందు తోడు కావాలి.

వెళ్లబోతూ ఆవిడ, కూలరు వైరు కూడా కొరుకుతోందని చెప్పింది. డాక్టరుగారు మళ్లీ కూర్చోబెట్టారు. కరెంటు కొట్టాక పైకి పెదవి మీద చిన్న మచ్చే కనిపించినా, కొన్ని గంటలకి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకని ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే కుక్కని ముట్టుకోవాలి, బాగానే ఉందనిపించినా వెంటనే తీసుకురావాలి.