రూపాయిన్నర బాకీ

బాపట్లలో డిగ్రీ చదివే రోజులవి. రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి కాలేజీకి పోయేవాణ్ణి. డిఫరెన్షియేషన్‌లో 'ఒకటి బై రూట్ ఎక్స్' కనబడితే చాలు, చెమటలు! లెక్కలు మానేద్దామనుకున్నాను.

తెనాలి ప్లాట్‌ఫారం మీద ఓ సీనియర్ అన్నాడు: "రూటంటే అర ఘాతం, తమ్ముడూ. హారంలో ఉంటే మైనస్ అర. దాన్ని ముందుకు దించి, ఘాతంలో ఒకటి తగ్గించు. అంతే!"

తగ్గిస్తే నాకు ప్లస్ అర వచ్చింది. పుస్తకంలో జవాబు అది కాదు.

ఆ రాత్రి అరుగు మీద నాన్న నవ్వాడు. "అర్ధరూపాయి బాకీ ఉన్నవాడు ఇంకో రూపాయి అప్పు తెస్తే, రూపాయిన్నర బాకీ కాదట్రా?"

మైనస్ ఒకటిన్నర! లెక్క కుదిరింది. నా ఫీజులకు ఆయన చేసిన బాకీ ఎంతో మాత్రం నేనేనాడూ అడగలేదు.