మా గుంటకు జనాభా లెక్కలు

పెరట్లో నుయ్యి వున్నవాణ్ణి నీళ్ళు తియ్యగా వుంటాయా అని అడుగుతారు. పెరట్లో గుంట వున్నవాణ్ణి చేపలున్నాయా అని అడుగుతారు. "వున్నాయండి" అనేసి వూరుకుంటే చాలదు. "ఏం చేపలు?" అని రెండో ప్రశ్న వస్తుంది. ఈ రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల గృహస్థులు మన డెల్టాలో తక్కువ. ఏ చెట్టుకెన్ని గెలలున్నాయో వేళ్ళమీద చెప్పగలం గాని, నీళ్ళ కింద ఎవరు కాపురం వుంటున్నారో చెప్పలేం. అద్దె కట్టనివాళ్ళ సంగతి మనకెందుకని కాబోలు!

మాది కె.గంగవరం. కోటిపల్లి రేవు మా మండలంలోదే. గౌతమికి ఇవతల గట్టున వున్న మమ్మల్ని 2022 ఏప్రిల్‌లో కొత్తగా పెట్టిన కోనసీమ జిల్లాలో కలిపారు. అంచేత రేవు దాటకుండానే కోనసీమ వాళ్ళమైపోయాం. మా ఇంటి వెనక కొబ్బరిచెట్ల మధ్య పది సెంట్ల గుంట వుంది. ఇంటికి మెరక పోసుకోవడానికి పెద్దవాళ్ళు మట్టి తవ్వితే ఏర్పడ్డది. పంటబోదె నుంచి తూము గుండా నీళ్ళొస్తాయి. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలువల్లోకి, కాలువల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి ఇలాంటి గుంటల్లోకి చేరడం మొదలైంది. నీళ్ళు వచ్చే దారిన నీళ్ళలోవాళ్ళూ వస్తారుగదా!

మొన్న కాలువ వదిలిన కొత్తల్లో మా తమ్ముడి కొడుకు ఒక ఆలోచన పట్టుకొచ్చాడు.

"పెదనాన్నా, గుంటలో రూప్‌చంద్ వేద్దామండి. ముందు ఇప్పచెక్క కొట్టి కలుపు చేపల్ని తీసేస్తే సరి."

ఇప్పగింజల్లోంచి నూనె తీయగా మిగిలే పిండే ఇప్పచెక్క. అందులో సెపోనిన్ అనే పదార్థం వుంటుంది. అది నీళ్ళలో కలిస్తే చేపల రక్తంలోని ఎర్రకణాలు చితికిపోతాయి. చేపలన్నీ తేలాక కొన్నాళ్ళకు విషం విరిగి, చెక్క ఎరువుగా మారుతుంది. పెంపకం పుస్తకాలన్నీ ఒప్పుకున్న పద్ధతే. మీటరు లోతు నీటికి ఎకరానికి సుమారు టన్ను వెయ్యాలంటారు. ఆ లెక్కన మా గుంటకు వంద కిలోలు. కుర్రవాడు అప్పటికే రెండు బస్తాలు తెచ్చి పశువుల పాకలో పెట్టాడు.

"కలుపంటే ఏ చేపలురా?" అన్నాను.

"మనం వెయ్యనివన్నీనండి."

పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళు కూడా ఏది వూదో, ఏది వరో చూసిగాని పీకరు. వీడు నీళ్ళలోకి తొంగి చూడకుండానే అందరికీ కలిపి ఒకే తీర్పు చెప్పేశాడు. నేను బడిపంతులుగా 1991లోనూ, 2001లోనూ గడప గడపకూ తిరిగి జనాభా లెక్కలు రాసినవాణ్ణి. అంచేత, "పదిహేను రోజులు ఆగు. లోపల ఎవరెవరున్నారో రాసిచ్చాక నీ ఇష్టం" అని ఒక నోటుపుస్తకం తీశాను.

ఈ రోజుల్లో ఇలాంటి లెక్కకు వల కూడా అక్కర్లేదట. జీవాలు నీళ్ళలో వదిలిన డి.ఎన్.ఎ. పోగుల్ని వడగట్టి, లోపల ఎవరున్నారో చెప్పే పద్ధతిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చిలికా సరస్సు మీద ప్రయోగించి చూశారు. నా దగ్గర అంత యంత్రసామగ్రి లేదు. ఒక తువ్వాలు, ఒక గాలం, పొద్దున్నే లేచే అలవాటు వున్నాయి.

మీకూ గుంట వుంటే ముందు చెయ్యవలసిన పని వూరికే కూర్చోవడం. తెల్లవారుతుండగా గట్టున కదలకుండా కూర్చుంటే లోపలివాళ్ళే ఒక్కొక్కరుగా హాజరు పలుకుతారు. నీటి అంచున నెత్తిమీద ముత్యమంత తెల్లచుక్కతో వేలెడు చేపలు తిరుగుతాయి. దోమపిల్లలు వాటికి పలహారం. ఉన్నట్టుండి ఒకటి పైకొచ్చి, గుటుక్కున గాలి మింగి, తోక చూపించి మాయమౌతుంది. మొప్పలు చాలక పైగాలి కూడా పీల్చే జాతి అది. కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి అన్నీ ఈ బాపతే. గుంట ఎండి బురదైనా ఇవి ప్రాణాలు దక్కించుకునేది ఈ విద్యతోనే.

నాలుగోనాడు ఈశాన్యపు మూల నీళ్ళమీద ఎర్రగా గుప్పెడు కుంకుమ చల్లినట్టు కనిపించింది. దగ్గరికి వెడితే ఆ కుంకుమ కదిలింది! కొరమీను పిల్లలు. గుంపుగా తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా. లకుముకిపిట్ట ఒకటి పైన కొమ్మమీద చేరి చాలాసేపు చూసి, ధైర్యం చాలక వెళ్ళిపోయింది. తెలంగాణ వాళ్ళు ఈ చేపనే తమ రాష్ట్రచేపగా ఎంచుకున్నారంటే వూరికే కాదు.

తువ్వాలు ముంచితే తోక మొదట్లో నల్లచుక్కతో పరిగెలు వచ్చాయి. వాటితోపాటు సన్నని బూడిదరంగు చేప ఒకటి, నిండు చూలాలు! గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే గంబూసియా ఇది. దోమల్ని తింటుందని 1928లో మన దేశానికి తెచ్చారు. ఇతర చేపల గుడ్లూ, కప్పపిల్లలూ కూడా తింటుందని తరవాత తేలింది. దోమల పని చెయ్యడానికి తెల్లచుక్కవాడు మనింట్లోనే వున్నాడని ఎవరికీ తట్టినట్టు లేదు.

చూపుకూ, తువ్వాలుకూ చిక్కనివాటి కోసం విసురువల వేసే పెద్దాయన ఒకర్ని పిలిపించాను. వల పడ్డప్పుడల్లా ఆయన పేర్లు చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. బురదలోంచి పాములా మెలికలు తిరుగుతూ బొమ్మిడాయి వచ్చింది. మీసాలతో మార్పు వచ్చింది. "ఇంగిలాయండి మాస్టారూ, చెయ్యి పెట్టకండి, పక్కముల్లు గుచ్చిందంటే రాత్రి నిద్రుండదండి, ఆయ్" అన్నాడు.

ఇలా వలవాళ్ళ నోట విని రాసుకోవడం చిన్నతనమేమీ కాదు. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నం చేపలు రెండువందలకు బొమ్మలు వేయించి 1803లో పుస్తకం అచ్చు వేసినప్పుడు, మన తీరంలో వాడే పేర్లనే చాలావాటికి ఎక్కించాడు. మనం వాలుగ అనే చేపను ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడైనా ఇవాళ "వాలగో" అంటాడు. ఆ పేరు రస్సెల్ పుస్తకం గుండా వెళ్ళిన తెలుగు మాటే.

తరవాతి విసురుకి కిలో తూగే శీలావతి పడింది. దీని కథ వేరు. శీలావతి, బొచ్చె లాంటివి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద ఏరు కావాలి. 1957లో ఒడిషాలో హీరాలాల్ చౌధురి చేపల పీయూషగ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి వీటిచేత గుడ్లు పెట్టించాకనే చెరువుల పెంపకం ఇంతగా విస్తరించింది. అంచేత గుంటలో శీలావతి కనిపిస్తే అది అక్కడ పుట్టలేదనీ, కాలువ దారినో ఎవరి చెరువులోంచో వచ్చిందనీ ధైర్యంగా రాసుకోవచ్చు.

పిల్లల్ని నోట్లో దాచి సాకే తిలాపియా కూడా పడింది. ఆఫ్రికాది. 1952లో ఇక్కడికి తెచ్చారు. ఆఖరి విసురుకి వల బరువుగా వచ్చింది. నల్లగా, వొళ్ళంతా ఇనపచిప్పలు తొడిగినట్టున్న జీవి. పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. "దెయ్యం చేపండి. వల చించేస్తదండి. తినడానికీ పనికిరాదు, అమ్మడానికీ పనికిరాదు." దక్షిణ అమెరికా నుంచి గాజుతొట్లలో అలంకారానికని తెచ్చి, పెరిగాక నీళ్ళలో పారేస్తే కాలువల వెంట వ్యాపించిన జాతి ఇది.

ఈ సందడి విని పక్కింటివారొచ్చి, పులస ఏమైనా పడిందా అని ఆశగా అడిగారు. పులస సముద్రంలోంచి గోదావరి వరదకు ఎదురీదుతూ వచ్చే మహారాణి. మా తూములోకి ఎందుకొస్తుంది!

మొత్తంమీద పదకొండు రకాలు తేలాయి. పరిగె, తెల్లచుక్క చేప, మట్టగిడస, కొరమీను, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి — ఈ ఏడూ స్థానికులు. కాలువ దారిన వచ్చిన చుట్టం శీలావతి. గంబూసియా, తిలాపియా, దెయ్యం చేప — ఈ మూడూ విదేశీయులు. నోటుపుస్తకం మా వాడి చేతికిచ్చాను.

"ఇప్పచెక్కకి ఈ పట్టిక చదవడం రాదురా. ఏడుగుర్నీ ఆ ముగ్గురితో కలిపి తీసుకుపోతుంది. ఇంతాచేసి నువ్వు వేద్దామన్న రూప్‌చంద్ ఎక్కడిదనుకున్నావు? అదీ దక్షిణ అమెరికాదే. దెయ్యం చేపకి పొరుగువాడు."

వాడు నవ్వలేదు. పట్టిక రెండుసార్లు చదివి, "కొరమీను ప్రాణంతో అమ్మితే మంచి ధర పలుకుద్దండి" అన్నాడు. డబ్బు దారినైనా సరే, లోపలివాళ్ళలో ఒకరి పేరు వాడి నోట రావడం నాకు తృప్తిగానే వుంది. వేసవిలో కాలువ కట్టేశాక నీళ్ళు తగ్గించి, పనికిరాని మూడింటినీ చేతనైనంతవరకు వలతో ఏరెయ్యాలనీ, తూముకి సన్నకన్ను వల బిగించాలనీ, పెరిగిన శీలావతి పిల్లల్ని అప్పుడు వెయ్యాలనీ ఒప్పందానికి వచ్చాం. విషం కంటే ఇది ఆలస్యం, ఖర్చు కూడాను. అయినా మనుషుల వూళ్ళోనూ ఎవరినైనా కలుపని తీసిపారేసే ముందు పేరూ, ఊరూ అడగడం మర్యాద గదా!

ఆ సాయంత్రం వీధి కుర్రాళ్ళు గాలాలతో ఈశాన్యపు మూలకి వెడుతుంటే, మా వాడే అడ్డుపడి, "అటు కాదెహె, అక్కడ పిల్లలున్నాయి" అని కసిరాడు. మర్నాడు పాకలో చూస్తే బస్తాలు లేవు. ఇప్పచెక్కంతా కొబ్బరిచెట్ల పాదుల్లో వుంది, గుంటకి దూరంగా వున్న వరసలోనే.