వంతెన దాటితే చట్టం వేరు!

ఎడిసన్... న్యూజెర్సీలో తెలుగు మాట ఎక్కువగా వినిపించే ఊళ్లలో ఒకటి. అక్కణ్నుంచి ఫ్లోరిడాకు కారులో బయల్దేరితే ఐ-95 హైవేనే ప్రధాన దారి. డెలావేర్, మేరీలాండ్‌లు దాటాక పొటోమాక్ నది మీద వుడ్రో విల్సన్ వంతెన. అది దిగితే వర్జీనియా. రోడ్డు అదే, చెట్లూ అవే. చట్టమే వేరు!

ఇక్కడ కారులో రాడార్ డిటెక్టర్ వాడటం చట్టవిరుద్ధం. రిచ్‌మండ్ దాటాక పల్లెపట్టుల్లో వేగ పరిమితి గంటకు 70 మైళ్లు. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని స్పీడోమీటరు ముల్లు 85 దాటిందో... అది 'రెక్‌లెస్ డ్రైవింగ్' కిందికొస్తుంది. అంటే క్రిమినల్ కేసే! 12 నెలల వరకూ జైలు, 2,500 డాలర్ల వరకూ జరిమానా పడొచ్చు. అమెరికా వీసా దరఖాస్తులో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా' అన్న ప్రశ్న ఉంటుంది. అందుకే హెచ్1బీ మీదున్నవాళ్లకు జరిమానాకన్నా ఆ ప్రశ్నంటేనే గుబులు.

మామూలు టికెట్టయినా ఇంటిదాకా వెంట వస్తుంది. రాష్ట్రాల మధ్య ఒప్పందాలున్నాయి మరి. వేరే రాష్ట్రంలో అతివేగంగా నడిపితే న్యూజెర్సీ లైసెన్సు మీద 2 పాయింట్లు పడతాయి. మూడేళ్లలో అవి 6 అయితే అదనపు రుసుం. పక్కనే ఉన్న న్యూయార్క్ లైసెన్సుకు మాత్రం ఆ పాయింట్లు పడవు. అలాగని టికెట్టును చెత్తబుట్టలో వేస్తే, అది తేలేవరకూ సొంత రాష్ట్రమే లైసెన్సును నిలిపేయొచ్చు.

ఆ దారి తెలిసినవాళ్లు వంతెన దిగగానే ఓసారి ముల్లువైపు చూసుకునేది అందుకే!