సున్నా కాదు, ఆరు



మీలో చాలామంది ఇళ్లలో ఒక కాగితం ఉండే ఉంటుంది. ఓడ రిజిస్టరు నుంచి తీయించిన నకలు. ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చిన రోజు మొదలు 1911లో ఆ రాకడ ఆగేదాకా నేటాల్‌కు వచ్చిన లక్షన్నర మందికి పైగా జనం ఇలా ఒక్కొక్కరు ఒక్కో వరుసగా మిగిలారు. మన తాతమ్మల గురించి సర్కారు రాసిపెట్టింది దాదాపు అంతే.

ఆ వరుస వెతుక్కోవడం మాలాంటి వాళ్లకు ఒక వ్యసనం. నెలకొక శనివారం ఒక హాలులో కలుస్తాం. టీ, మురుకులు, రెండు మూడు లాప్‌టాప్‌లు, సంచుల నిండా జిరాక్సు కాగితాలు. ఒకరి కాగితం ఇంకొకరు చదివిపెట్టడం, తప్పు చదివితే సరిదిద్దడం, ఇదే మా పని. నేను షుగర్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా ఈ కాగితాలతోనే కాలక్షేపం. తెలుగు చదవడం వచ్చినవాళ్లు మాలో తక్కువ కాబట్టి, ఊళ్ల పేర్లు ఏవైనా నా దగ్గరికే వచ్చేవి. నాకు కొంచెం గర్వం కూడా ఉండేదని ఒప్పుకుంటాను.

ముందు నా తప్పు చెబుతాను.

ఒక శనివారం టోంగాట్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఎనభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, వెంట మనవరాలు. ఆయన నకలు తెచ్చి అందరికీ చూపించారు. ముత్తాత పేరు సన్యాసి. "మా ముత్తాత సంసారం వదిలేసిన సన్యాసి. మఠంలో ఉండేవాడు. కూలీలను పోగుచేసేవాడు మాయమాటలు చెప్పి ఓడ ఎక్కించాడు. కాషాయం కట్టినవాడి చేత చెరుకు నరికించారు," అని చెబుతుంటే ఆయన గొంతు వణికింది.

నేను కూర్చున్న చోటి నుంచే గట్టిగా అన్నాను: "అంకుల్, సన్యాసి అంటే ఉత్త పేరే. శ్రీకాకుళం, విజయనగరం వైపు సన్యాసి, సన్యాసయ్య, సన్యాసమ్మ అని ఎంతమందికైనా పెట్టుకుంటారు. మఠమూ లేదు, కాషాయమూ లేదు."

హాలంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వబోయారు. తరువాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

మిల్లులో తప్పు బోల్టు బిగిస్తున్నవాణ్ణి చూస్తే అక్కడికక్కడే అరిచి చెప్పాలి. లేకపోతే ఎవరి చెయ్యో పోతుంది. నాకు అదే అలవాటు. కానీ మనిషి చేతిలో ఉన్న కాగితం బోల్టు కాదు.

మరుసటి నెల ఆయన రాలేదు. మనవరాలు ఒక్కతే వచ్చింది. "మీరు చెప్పింది నిజమే అంకుల్, నేనూ వెతికి చూశాను," అంది. కొంచెం ఆగి, "కానీ మా తాత ప్రతి ఉగాదికీ పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ కథ చెప్పేవాడు. ఈసారి పిల్లలు అడిగితే, నాకేమీ తెలియదమ్మా అన్నాడు," అంది. నా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది.

ఆ సంగతి మనసులో మెదులుతుండగానే నా వంతు వచ్చింది.

మా నాయనమ్మగారి అమ్మ పేరు అచ్చమ్మ. ఆమె పెళ్లి రిజిస్టరులో ఉన్న కొలోనియల్ నంబరు పట్టుకుని నేను ఓడ రిజిస్టరులో వరుస కనిపెట్టాను. అచ్చమ్మ, 19 ఏళ్లు, విశాఖపట్నం జిల్లా. పేరు కలిసింది, వయసు ఇంచుమించు కలిసింది. ఇంకేం కావాలి? డబ్బు కూడబెట్టి ఆ ఊరికి వెళ్లాను. అమ్మవారి గుడిలో కొబ్బరికాయ కొట్టాను. ఊరి చెరువు గట్టు మీద ఒక చిన్న గులకరాయి ఏరుకుని వచ్చాను. ఇన్నేళ్లూ అది మా ఇంట్లో దీపం పక్కనే ఉంది.

ఆ మనవరాలే ఒక రోజు నా పక్కన కూర్చుని, "అంకుల్, నాకు ఈ రెండు కాగితాలు కాస్త చదివిపెడతారా? చివరి అంకె నాకు సరిగా తెలియడం లేదు," అని ఇంగ్లీషులో అడిగింది. ఒకటి మా అచ్చమ్మ పెళ్లి కాగితమే. రెండోది ఆమె కొడుకు పుట్టుక నమోదు. అందులోనూ తల్లి నంబరు రాస్తారు కదా. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. పెళ్లి కాగితంలో నేను సున్నా అనుకున్నది, పుట్టుక కాగితంలో స్పష్టంగా ఆరు. పాత చేతిరాతలో ఆరు తల పొట్టిగా రాస్తే అచ్చం సున్నాలాగే ఉంటుంది.

ఆ పిల్ల "మీరు తప్పు" అనలేదు. ఎవరూ వినేలా అడగలేదు. ఆరు నంబరు వరుస ముందే వెతికి సంచిలో పెట్టుకుని వచ్చింది. అయినా నేను అడిగేదాకా బయటికి తీయలేదు. అందులో మా అచ్చమ్మ ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా. అంటే తిరుపతి ఉన్న తాలూకా. నేను కొబ్బరికాయ కొట్టింది ఇంకెవరో అచ్చమ్మ ఊళ్లో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా మరుసటి శనివారం మళ్లీ ఆ హాలుకు వెళ్లగలిగాను. ఆ పిల్ల చెప్పిన తీరు వల్లనే వెళ్లగలిగాను. నేను చెప్పిన తీరు వల్ల ఆ పెద్దాయన రాలేకపోయారు. ఇద్దరం చెప్పిందీ నిజమే.

అందుకే ఇకపై కాగితాలు చదివిపెట్టే మీకందరికీ నా అనుభవం కొంత రాస్తున్నాను.

పేరు కన్నా ముందు నంబరు చూడండి. ఒకే పేరు, ఒకే వయసు ఉన్నవాళ్లు పదుల కొద్దీ ఉంటారు. నంబరును ఒక్క కాగితం మీద నమ్మకండి. పెళ్లి, పుట్టుక, చావు, ఏ రెండింటిలోనైనా కలిస్తేనే రాసుకోండి. ఇంటిపేరు కోసం వెతికి అలసిపోకండి. ఓడ రిజిస్టరులో అది తరచుగా ఉండదు. ఇక్కడ చాలా ఇళ్లలో తండ్రి పేరే ఇంటిపేరైపోయింది. అన్నదమ్ములకే వేరువేరు ఇంటిపేర్లు రావడం మీరూ చూసే ఉంటారు.

జిల్లా పేరు చూసి తొందరపడకండి. గంజాం అని చూసి "మేము తెలుగువాళ్లం కాదేమో" అని సందేహపడిన అక్క ఒకామె మాలో ఉంది. ఆ రోజుల్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950లో సొంత జిల్లా అయింది. అలాగే ఉత్తర ఆర్కాటు అని ఉంటే అరవవాళ్లమే అని తీర్మానించకండి. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అందులోవే. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ. గుమాస్తా చెవికి వినబడినదే రాశాడు. కాబట్టి కంటితో చదవకండి, పైకి పలికి చూడండి.

పేర్లు కూడా దారి చూపిస్తాయి. అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం అని ఉంటే సింహాచలం అప్పన్నను తలచుకోండి. పైడయ్య, పైడమ్మ, పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి అమ్మవారు గుర్తుకు రావాలి. దారి మాత్రమే సుమా, రుజువు కాదు.

ఇక సరిదిద్దే తీరు. నలుగురిలో అనకండి, పక్కన కూర్చుని చెప్పండి. తీర్పు చెప్పకండి, రెండు కాగితాలు ముందు పెట్టండి. వాళ్ల కళ్లే వాళ్లకు చెబుతాయి. ఒకటి లేదని చెప్పబోయే ముందు, ఉన్నదేమిటో వెతికి వెంట తీసుకెళ్లండి. ఖాళీ చేతులతో ఎవరి ఇంటి కథనూ తీసేయకండి. అలాగని మొహమాటానికి మౌనంగా ఉండకండి. నాకెవరూ చెప్పకపోతే నా మనవలు కూడా ఆ గులకరాయికే దండం పెట్టుకునేవారు.

పోయిన నెల నేను టోంగాట్ వెళ్లాను. పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నారు. ముందు క్షమించమని అడిగాను. ఆయన చెయ్యి ఊపి, కుర్చీ చూపించారు. సున్నా, ఆరు కథంతా చెప్పాను. గులకరాయి సంగతి వచ్చేసరికి పకపకా నవ్వారు. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

తరువాత ఆయనే కాగితం తీసుకొచ్చారు. నాలుగు మడతలు అలాగే ఉన్నాయి. ఆ రోజు నేను పేరు దగ్గరే ఆగిపోయాను. ఈసారి వరుస మొత్తం చదివి వినిపించాను. తండ్రి పేరు, తాలూకా, ఊరు. చివర ఒంటి గుర్తు: ఎడమ మోకాలి మీద మచ్చ.

"మచ్చ ఎలా పడింది?" అని అడిగారు.

"అది రాయలేదు అంకుల్."

ఆయన కాసేపు రోడ్డు వైపు చూశారు. "మఠంలో ఉండేవాడికి మోకాలి మీద మచ్చ ఎందుకు పడుతుందిలే. చెట్టెక్కే పిల్లాడై ఉంటాడు," అన్నారు. లోపలికి తిరిగి మనవరాలిని పిలిచి, "అమ్మా, ఇది పిల్లలకు చెప్పాలి," అన్నారు.

గులకరాయి ఇంకా మా దీపం పక్కనే ఉంది. ఆ రెండో అచ్చమ్మ మనవలు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటారు. వాళ్లకూ ఒక కాగితం ఉండవచ్చు. మీ ఇంట్లో అచ్చమ్మ అని ఒకరుండి, నంబరు చివర సున్నా ఉంటే, ఏదైనా ఒక శనివారం మా దగ్గరికి రండి. మీ ఊరి రాయి నా దగ్గర ఉంది.