అంకుడు కర్ర కబురు

రండి, నెగడు దగ్గరికి జరిగి కూర్చోండి. మా గుమ్మలక్ష్మీపురంలో పుష్యమాసం రాత్రంటే మాటలా! కొండ మీంచి దిగే చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. అయ్యో, ఆగండాగండి! ఆ కట్టె మంటలో పెట్టకండి. ఇటివ్వండి. ఇంకా పచ్చిగానే ఉంది. గోరుతో బెరడు గీరితే పాలు వస్తున్నాయి చూశారా? లోపల చెక్క కొబ్బరి ముక్కలా తెల్లగా ఉందా? ఇది అంకుడు. సన్నటి పొడుగు కాయలు జంటలు జంటలుగా వేలాడుతూ, కొసల దగ్గర అతుక్కుని ఉంటాయి, అదే చెట్టు.

ఈ కర్ర చేతిలోకొస్తే నాకు ఏటికొప్పాక సి.వి.రాజు గారు గుర్తొస్తారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఆ ఊరు. చిన్నప్పుడు మనం వంటలాట ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయా? అలాంటివి అక్కడ ఈ కర్రతోనే చేస్తారు. లేత్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే బొమ్మ నిగనిగలాడుతుంది. కుంచెతో పనే లేదు.

రాజు గారిది చెక్కపని చేసే కుటుంబం కాదు. వ్యవసాయ శాస్త్రం చదువుకుని ఊరికి తిరిగొచ్చారు. అప్పటికే బొమ్మల్లోకి రసాయన రంగులు జొరబడ్డాయి, కొనేవాళ్ళు తగ్గారు, పనివాళ్ళు వేరే కూలి వెతుక్కుంటున్నారు. కళాకారుడికి శాలువా కప్పి నాలుగు మంచిమాటలు చెప్పడం ఎవరైనా చేస్తారు. ఆయన మాత్రం రంగును పట్టుకున్నారు. పసిపిల్లలు బొమ్మను చూస్తూ ఊరుకోరు కదా, నోట్లో పెట్టుకుంటారు! అందుకే మళ్ళీ పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వాటి దగ్గరికి వెళ్ళారు. చెప్పినంత తేలిక కాదండీ. బట్టకు అద్దే రంగు వేరు, లక్కలో కలిసే రంగు వేరు. వేడికి మాడకూడదు, నాలుగు రోజులకే వెలిసిపోకూడదు. పద్మావతి అసోసియేట్స్ పేరుతో పనివాళ్ళను కూడగట్టి, ఆ రంగులు వాళ్ళ చేతికి అలవాటు చేశారు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని అది.

పేరు తర్వాత వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2020 ఆగస్టులో ‘మన్ కీ బాత్’లో ప్రధాని నోట రాజు గారి మాట, 2023లో ఆయనకు పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. టీవీలో చూస్తుంటే నాకైతే కళ్ళు చెమర్చాయి.

అయితే కర్ర ఏదండీ? అంకుడు దొరకడం రానురాను కష్టమవుతోందని అక్కడివాళ్ళ బెంగ. ఇక్కడ మనమేమో దాన్ని పొయ్యిలో పెడుతున్నాం! చలిమంటకు ఏ ఎండుకట్టె అయితేనేం? దీని ఆకులోనూ నీలిరంగు ఉంది తెలుసా? అందుకే శాస్త్రవేత్తలు పెట్టిన ‘రైటియా టింక్టోరియా’ అన్న పేరులోనే రంగు దాగుంది. కొట్టేసినా మోడు మళ్ళీ చిగురిస్తుంది. తోట గట్ల మీద, జీడిమామిడి చెట్ల సందుల్లో పెంచుకోవచ్చు. ఈ కొండల్లో జాతాపు, సవర రైతులు పసుపు పండిస్తూనే ఉన్నారు. దాని పక్కన కొయ్య కూడా పెరిగితే బొమ్మకు కావలసింది సగం మన దగ్గరే దొరుకుతుంది.

ఈ కట్టె ఇలా అరుగు మీద పెడతాను, ఆరనీయండి. ఇంకొన్నాళ్ళు పోతే కాయలు పగులుతాయి. గింజకు దూదిలాంటి కుచ్చు ఉంటుంది, గాలి తగిలితే కొండ దాటిపోతుంది. పగలకముందే కోసుకు రావాలి. పొద్దున్నే బయల్దేరతాను, మీరూ ఒక సంచి పట్టుకుని వస్తారా?